పది డిగ్రీల గది

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఆసుపత్రి క్యాంటీన్‌లో రత్నకుమారి చేసే పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొద్దున ఏడింటికి టీ, టోస్టు సర్దాలి. పదకొండింటికి సూపు, ఒంటిగంటకు భోజనాలు. మూడున్నరకల్లా టేబుళ్లు తుడిచేసి ఇంటిదారి పట్టాలి. అక్కడ అందరూ ఆమెను రత్నా అంటారు. చివర కుమారి అనేది ఒకటి ఉందని చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది. అంతకు ముందు మేడ్చల్‌లో పదమూడేళ్లు ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో పనిచేసిందన్న సంగతి కూడా చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ల్యాబులో ఆమె పని గింజలను మొలకెత్తించి లెక్కపెట్టడం. తడిపిన కాగితం మీద వందేసి గింజలు వరసగా పేర్చి, చాపలా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఇరవై అయిదు డిగ్రీల గదిలో నిలబెట్టేది. నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి విప్పి చూసేది. వేరూ మొలకా నిండుగా ఉంటే మామూలు మొలక. వేరు కురచైనా, మొలక మెలిపడినా అసాధారణం. వేలితో నొక్కితే మెత్తగా నీరు కారిందంటే చచ్చిన గింజ. ఆమె సంతకం పడనిదే కంపెనీ గేటు దాటి ఒక్క బస్తా పోయేది కాదు. "రత్నమ్మ పెట్టిందా సంతకం?" అని లారీ మీంచి హమాలీ అరిస్తే ల్యాబు కిటికీలోంచి ఆమె తలూపేది. అప్పుడు లారీ కదిలేది.

ఆ ల్యాబులోనే ఒక మూల పది డిగ్రీల పెట్టె ఒకటి ఉండేది. చలిదేశాలకు విత్తనాలు పంపుదామని యజమాని ఎప్పుడో సరదాపడి కొన్నాడు. గింజల్ని పొలం మట్టిలో పెట్టి వారం రోజులు ఆ చలిలో ఉంచాలి, తర్వాత నాలుగు రోజులు వెచ్చని గదిలో ఉంచాలి, అప్పుడు ఎన్ని పైకి వస్తాయో అదీ గింజ అసలు దమ్ము అని పుస్తకంలో రాసి ఉంది. చలిదేశాల నుంచి ఆర్డర్లేవీ రాలేదు. ఎండాకాలంలో ల్యాబువాళ్లంతా ఆ పెట్టెలో మజ్జిగ సీసాలు పెట్టుకునేవారు. రత్నకుమారిది ఎర్రమూత సీసా.

రెండువేల పద్దెనిమిది జనవరిలో, భర్త శ్రీధర్ వెంట, పదమూడేళ్ల కూతురు ఆమనిని తీసుకుని ఐర్లండ్‌లో దిగింది. లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీని పెంచుతున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. ఫ్యాక్టరీ లోపలి గాలి ఏడాది పొడుగునా ఇరవై ఒక్క డిగ్రీలు దాటకుండా, తగ్గకుండా చూసే బృందంలో శ్రీధర్ ఒకడు. ఇంటికొచ్చినా ఆ ధ్యాస పోయేది కాదు. ఇక్కడి ఇళ్లలో వేడినీళ్ల ట్యాంకు చుట్టూ అరలు కట్టిన అల్మారా ఒకటి ఉంటుంది. హాట్ ప్రెస్ అంటారు. ఉతికిన బట్టలు అందులో పెడితే తడి ఆరిపోతుంది. ఆ తలుపుకు లోపలివైపు శ్రీధర్ ఒక థర్మామీటరు బిగించాడు.

"నీ గింజలకేమో ఇరవై అయిదు, నా చిప్పులకు ఇరవై ఒకటి. మరి మనకెంత?" అనేవాడు.

"ఇంటి ఓనర్ని అడుగు" అనేది ఆమె. ఆ ఇంట్లో హాల్లో ఎప్పుడూ పదిహేను దాటేది కాదు.

మూడేళ్ల పది నెలలకు, ఒక నవంబరు మధ్యాహ్నం, డ్యూటీ దిగి కారు దగ్గరికి నడుస్తూ శ్రీధర్ పడిపోయాడు. మళ్లీ లేవలేదు. లీక్స్‌లిప్‌లో అద్దెలు అప్పటికే ఆకాశంలో ఉన్నాయి. ఆమని స్కూలు చదువు అయ్యేదాకా ఎలాగో నెట్టుకొచ్చింది. పిల్లకు మెయ్‌నూత్ యూనివర్సిటీలో సీటొచ్చి, అక్కడే గది తీసుకున్నాక తను పోర్ట్‌లీష్‌లో ఒక చిన్న ఇంటికి మారింది. మారేటప్పుడు థర్మామీటరు మరలు విప్పి తెచ్చి, కొత్త ఇంటి హాట్ ప్రెస్ తలుపుకు అదే ఎత్తులో బిగించింది. పై అరలో శ్రీధర్ నీలం స్వెటర్ మడతపెట్టింది. వెచ్చగా ఉంటే పురుగు పట్టదని తనకు తనే చెప్పుకుంది.

మరుసటి ఏడు మార్చి నెలాఖరులో మార్టిన్ ఫీలన్ అనే రైతు క్యాంటీన్‌కు రోజూ రావడం మొదలుపెట్టాడు. అరవై ఏళ్లుంటాయి. అన్నగారు పై వార్డులో ఉన్నాడు. మార్టిన్ సూపు తీసుకుని, కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని, టోపీ పక్క కుర్చీలో పెట్టుకునేవాడు. ఒకరోజు చిల్లర కోసం జేబు తిరగేస్తే నాణేలతోపాటు నాలుగైదు ఎర్రరంగు గింజలు ట్రేలో పడ్డాయి.

రత్నకుమారి చెయ్యి తనంతట తనే వెళ్లి ఒక గింజను తీసింది. బొటనవేలి గోటితో మొలక ఉండే వైపు తిప్పి, వెలుతురుకు పట్టి చూసింది.

"పోయినేడాదివి" అంది.

మార్టిన్ తలెత్తాడు. "నిజమే. నీకెలా తెలుసు?"

"విత్తనానికి పట్టించిన మందు రంగు వెలిసింది. ఇక్కడ పై పొర ముడత పడింది, చూడండి. ఇవి తినడానికి కాదు. చేతులు కడుక్కోండి."

ఆ చివరి మాటకు మార్టిన్ నవ్వాడు. పోయినేడు వాన పడి విత్తడం ఆగిపోయిందట. ఎనిమిది బస్తాల మొక్కజొన్న విత్తనం షెడ్డులో అలాగే ఉండిపోయింది. మొక్క మొత్తాన్ని పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా కప్పిపెట్టి, చలికాలమంతా ఆవులకు పెట్టే మేత అది. ఆ పంట పోతే డిసెంబరుకల్లా ఆవులకు మేత ఉండదు. పాత విత్తనం వేయాలో, పారేయాలో తేల్చుకోలేక నాలుగు గింజలు జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"జేబులో ఉంటే చెప్పవు అవి" అంది రత్నకుమారి. "నాలుగు వందల గింజలు తెండి. నేను చూసి చెబుతాను."

ఇంగ్లీషులో అంత పొడుగు మాట ఆ క్యాంటీన్‌లో ఆమె అప్పటిదాకా మాట్లాడలేదు.

మర్నాడే పొట్లం తెచ్చాడు. ఆ సాయంత్రం వంటగదిలో కాగితం రోల్ పరిచి, తడిపి, వందేసి గింజలు పేర్చింది. పదేసి గింజలకొకసారి ఆగి లెక్క చూసుకోవాలనుకున్నా వేళ్లు ఆగలేదు. నాలుగు చుట్టలు చుట్టి, పాలిథీన్ కవరు తొడిగి, హాట్ ప్రెస్‌లో నీలం స్వెటర్ కింది అరలో నిలబెట్టింది. థర్మామీటరు ఇరవై ఆరు చూపించింది. సరిపోతుంది.

ఆ ఆదివారం వానలో తడిసి డాక్టర్ అపర్ణ వచ్చింది. ఏలూరమ్మాయి. అదే ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. కోటు ఆరేద్దామని చనువుగా హాట్ ప్రెస్ తలుపు తీసి, అక్కడే నిలబడిపోయింది.

"అక్కా, మీ తువ్వాళ్లకి మొలకలొచ్చేశాయండి."

"ముట్టకు తల్లీ. నాలుగో దినం అవి."

"పురుడు పోసినట్టు మాట్లాడతారేంటండీ? తల్లీబిడ్డా క్షేమమేనా?"

"నువ్వు పిల్లల డాక్టరువు గద, చూసి చెప్పు."

అపర్ణ వంగి చూసింది. "అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. బరువు మాత్రం తక్కువ." తర్వాత గింజల సంగతంతా విని, టీ తాగుతూ అంది, "ఎన్నాళ్లయిందక్కా మిమ్మల్ని ఇలా చూసి. ఇంతకీ ఆ రైతు మీకేం ఇస్తాడంట?"

"రూబార్బ్ కాడలు తెచ్చిండు. పప్పు చేసిన, తింటవా? చుక్కకూర లెక్కనే పుల్లగుంటది."

ఏడో రోజు విప్పి లెక్కపెట్టింది. నూటికి తొంభై నాలుగు మామూలు మొలకలు. రెండు అసాధారణం. నాలుగు చచ్చినవి. ఆమని పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి అన్నీ వరసగా రాసింది. కింద సంతకం పెట్టింది. పేరు కింద విత్తన పరీక్షకురాలు అని రాయాలా వద్దా అని కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. రాసింది.

"తొంభై నాలుగా?" అన్నాడు మార్టిన్. కాగితం రెండుసార్లు చదివి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. "గ్రాండ్. ఇంకేం, వేసేస్తాను."

ఏప్రిల్ పద్దెనిమిదిన వేశాడు. ఆ మర్నాడు ఆయన అన్న ఇంటికెళ్లిపోయాడు. మార్టిన్ క్యాంటీన్‌కు రావలసిన అవసరం తీరిపోయింది.

రత్నకుమారి రోజులు లెక్కపెట్టింది. ఇరవయ్యో తేదీ నుంచి వారం రోజులు సన్నగా, ఆగకుండా చల్లటి వాన. పొద్దున బస్టాపులో నిలబడితే చెప్పుల్లోంచి కాళ్లలోకి చలి ఎక్కేది. అయినా ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. మేడ్చల్‌లో వాన అంటే విత్తనానికి పండగే. పది రోజులైంది. పదిహేను రోజులైంది. కిటికీ పక్క టేబుల్ తుడిచేటప్పుడల్లా ఇవాళ వస్తాడేమో, మొలిచాయని చెబుతాడేమో అనుకునేది. మొలిచి ఉంటే ఈపాటికి జానెడు ఎత్తు ఉండాలి. ఆ మాట చెప్పడానికి మనిషి ఒక్కసారైనా రావాలి కదా.

మూడో వారం శనివారం, మాటల్లో ఆయన చెప్పిన ఊరికి తనే బస్సెక్కింది. దిగాక మైలు దూరం నడిచింది. గేటు దగ్గరికి రాకముందే, కంచె సందుల్లోంచి చూడగానే తెలిసిపోయింది. సాలు పొడవునా అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్క. మధ్యలో అంతా నల్లటి మట్టి.

మార్టిన్ షెడ్డు వైపు నుంచి నడిచి వచ్చాడు. ఆమెను చూసి టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నీకు చెబుదామనే అనుకున్నాను" అన్నాడు. "ఈ ఏడు కాకులు ఎక్కువ. పీకి తినేశాయి."

ఆమె కోటు ఎత్తిపట్టి సాలు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఖాళీగా ఉన్నచోట వేలితో మట్టి తీసింది. రెండంగుళాల లోతున గింజ అలాగే ఉంది. ఎర్రరంగు కూడా పోలేదు. వేలితో నొక్కితే నీరు కారింది. పక్కదాన్ని తీసింది. మొలక వచ్చింది కానీ పైకి పోకుండా స్ప్రింగులా చుట్టుకుని, మట్టి లోపలే ఆకు విప్పేసింది. ఇంకొకదానికి వేరు అరంగుళం దగ్గర ఆగిపోయి గోధుమరంగు తిరిగింది. మూడింటినీ అరచేతిలో పెట్టి ఆయనకు చూపించింది.

"కాకులు తింటే గింజ ఉండదు. ఇవి ఉన్నాయి."

"మరి వాన..."

"వాన కూడా కాదు. చలి." ఆమె లేచి నిలబడింది. మోకాళ్ల దగ్గర రెండు నల్లటి మరకలు. "గింజ వేశాక మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు తాగుతుంది. ఆ మొదటి నీళ్లు చల్లగా ఉంటే లోపల దెబ్బ తగులుతుంది. తర్వాత ఎంత ఎండ వచ్చినా ఆ దెబ్బ మానదు. కొత్త గింజ కొంత తట్టుకుంటుంది. పాత గింజ తట్టుకోలేదు. వెచ్చగా ఉంచినంతసేపూ పాతదానికీ కొత్తదానికీ తేడా కనపడదు."

మార్టిన్ కాసేపు పొలం వైపు చూశాడు. "మరి తొంభై నాలుగు?"

"అది మా ఇంటి హాట్ ప్రెస్‌లో. మీ పొలంలో కాదు. మీ మట్టి ఎంత చల్లగా ఉందని నేను అడగనేలేదు. మా దగ్గర అడిగే పని ఉండదు. అక్కడ మట్టి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. చలిలో పెట్టి చూసే పరీక్ష ఒకటి ఉంది. నాకు తెలుసు. చేయలేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఎర్రమూత సీసా కళ్ల ముందు మెదిలింది. అది ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు.

"మట్టి చల్లగా ఉందని నాకూ తెలుసు" అన్నాడు మార్టిన్. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. మే నెల దాకా ఆగేవాణ్ణి. నీ కాగితం చూసి తొందరపడ్డాను."

ఓదార్చడానికే అన్నాడు. కానీ ఆ చివరి మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పదమూడేళ్లలో ఆమె సంతకం నమ్మి ఎవరూ నష్టపోలేదు.

"ఆ కాగితం ఉందా?" అంది.

జీపులో, అద్దం పైన దోపి ఉంది. తెచ్చి ఇచ్చాడు. చింపేస్తుందనుకున్నాడు కాబోలు, చెయ్యి కాస్త వెనక్కి లాగాడు కూడా. ఆమె కాగితం తీసుకుని, పొలంలో నాలుగు చోట్ల, ఒక్కోచోట వంద గింజలు పడే పొడవు అడుగులతో కొలిచి, పైకి వచ్చినవి లెక్కపెట్టింది. గంటకు పైగా పట్టింది. జీపు బానెట్ మీద కాగితం పెట్టి, తొంభై నాలుగు కింద ఇలా రాసింది: పొలంలో నలభై ఒకటి. పరీక్ష తప్పు. కింద మళ్లీ సంతకం పెట్టింది.

"ఇంకా రెండు బస్తాలు మిగిలాయి" అన్నాడు మార్టిన్. "సందుల్లో వేయనా? నెల సగానికి వచ్చేసింది. ఇంకా ఆలస్యమైతే కంకి గింజ పట్టదు."

"ఇవాళ చెప్పలేను" అంది. "రోజూ పొద్దున వచ్చి మట్టి చూసి చెబుతాను."

ఆ సాయంత్రం హాట్ ప్రెస్ తలుపుకున్న థర్మామీటరు మరలు విప్పింది. మర్నాటి నుంచి ఐదు రోజులు వరసగా, మొదటి బస్సుకు వెళ్లి, మట్టిలో రెండంగుళాల లోతున దాన్ని గుచ్చి, పక్కనే నిలబడి, చూసి, తిరిగి డ్యూటీకి పరుగెత్తేది. క్యాంటీన్ సూపర్‌వైజరు రెండుసార్లు గడియారం చూపించింది. మట్టిలో తొమ్మిదిన్నర డిగ్రీలు. పది. పది. పదకొండున్నర. ఐదో రోజు ఎండ కాసింది. పదమూడు.

"ఇవాళ వేయండి" అంది గేటు దగ్గర నిలబడి.

"కాగితం రాయవా?"

"రాయను."

మిగిలిన రెండు బస్తాలూ వేశాడు. పన్నెండో రోజుకు సందులు చాలావరకు నిండాయి. ఆలస్యంగా వచ్చిన మొక్కలు పాతవాటి నీడలో పడి ఎదగలేదు. అక్టోబరులో కోసేనాటికి సగం కంకుల్లో గింజ పాలు పట్టే దశలోనే ఉంది. మేత ఫిబ్రవరి దాకా వచ్చిందని తర్వాత తెలిసింది. మిగతా నెలలకు ఏం చేశాడో ఆమె అడగలేదు. అడగడానికి మార్టిన్ మళ్లీ క్యాంటీన్‌కు రాలేదు.

ఆ చలికాలం పొడుగ్గా గడిచింది. ఆమని మెయ్‌నూత్‌లో ఒక కేఫ్‌లో శని, ఆదివారాలు పనికి కుదిరింది. మొదట్లో వారం వారం వచ్చేది. తర్వాత రెండు వారాలకొకసారి, ఆ తర్వాత నెలకొకసారి. రత్నకుమారి ఇంట్లో ఆమని గదిలో హీటరు కట్టేసి తలుపు మూసింది. వారానికొకసారి దుమ్ము దులపడానికి తెరిస్తే, లోపలి గాలి మొహానికి చల్లగా తగిలేది. అపర్ణ కార్క్‌కు బదిలీ అయి వెళ్లిపోయింది. ఫోన్లో మాత్రం "మీ తువ్వాళ్లు ఎలా ఉన్నాయక్కా?" అని అడుగుతూనే ఉండేది. ఏం లేవు, ఆరినయ్ అనేది రత్నకుమారి.

మార్చి మొదటి వారంలో, సూపు వేళ దాటాక, కౌంటరు మీద ఎవరో ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టారు. చూస్తే మార్టిన్. డబ్బా మూత తీసి చూపించాడు. నిండా నల్లటి మట్టి.

"ఈ ఏటి గింజలు జేబులో ఉన్నాయి" అన్నాడు. "ఈసారి పొలాన్ని కూడా తెచ్చాను. పొద్దునే తవ్వాను. కావలసినంత చల్లగానే ఉంది."

ఆమె చేతులు తుడుచుకుని డబ్బాను దగ్గరికి లాక్కుంది. మట్టిలో వేలు పెట్టి చూసింది. సూపు మిగిలి లేదని చెప్పి, ఆయనకు టీ ఇచ్చి, పక్కన ఒక స్కోన్ బన్ను పెట్టింది.

ఇంటికి తెచ్చాక మొదట ఫ్రిజ్ తెరిచింది. మజ్జిగ గిన్నె, పెరుగు డబ్బా పక్కకు జరిపి థర్మామీటరు పెడితే నాలుగు చూపించింది. మరీ చలి. వంటగదిలో పదహారు. హాల్లో పద్నాలుగు. మెట్ల మీద పదమూడు. థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. చివరికి ఆమని గది తలుపు తీసి, ఖాళీ మంచం పక్కన బల్ల మీద పెట్టి, బయటికొచ్చి తలుపు మూసింది. అరగంట తర్వాత వెళ్లి చూసింది.

సరిగ్గా పది.

ఇన్ని నెలలుగా ఆ గది పది డిగ్రీల దగ్గరే ఉండిపోయింది. ఆమె మంచం అంచున కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, రెండు బేకింగ్ ట్రేలలో పొలం మట్టి పరిచి, గింజలు వరసగా నాటి, చల్లటి కుళాయి నీళ్లు చిలకరించి, కవరు కప్పి, బల్ల మీద పెట్టింది. వారం రోజులు ఇక్కడ. తర్వాత నాలుగు రోజులు హాట్ ప్రెస్‌లో. ఆ తర్వాతే కాగితం.

ఆరో రోజు సాయంత్రం ఆమని ఫోన్ చేసింది.

"మామ్, ఈ వీకెండ్ నో వర్క్. ఐయామ్ కమింగ్ హోమ్ టునైట్. హీటింగ్ ఆన్ చెయ్, ప్లీజ్. మై రూమ్ ఈజ్ ఫ్రీజింగ్ ఆల్వేస్."

రత్నకుమారి మూసి ఉన్న తలుపు వైపు చూసింది. ఇంకా ఒక రోజు ఉంది. ఇప్పుడు హీటరు వేస్తే ఆ ఆరు రోజులూ బూడిదలో పోసినట్టే.

"నీ రూములో హీటింగ్ వెయ్య బిడ్డా. అండ్ల మక్కలు పండుకున్నయ్."

"వాట్?"

"మక్కలు. రేపటి దాంక చలిలనే ఉండాలె అవి."

"మామ్, యూ గేవ్ మై రూమ్ టు కార్న్? సీరియస్‌లీ?"

"నువ్వు నా దగ్గర పండుకుందువు గానీ. నా రూము వెచ్చగుంటది. వస్తున్నవా, లేదా?"

అటువైపు రైలు స్టేషన్‌లో వినిపించే ప్రకటన లాంటిదేదో సన్నగా వినపడింది. అంటే పిల్ల అప్పటికే బయల్దేరింది.

"ఈజ్ డాడ్స్ జంపర్ స్టిల్ ఇన్ ద హాట్ ప్రెస్?"

"మీ నాయిన స్వెటరా? ఉన్నది."

"గ్రాండ్. ఐ విల్ వేర్ దట్."

ఫోను పెట్టేశాక రత్నకుమారి తన మంచం మీద రెండో దిండు వేసింది. దాని గలేబు మార్చింది. బియ్యం ఇంకొక గ్లాసు ఎక్కువ కడిగింది. ఆ తర్వాత ఆమని గది తలుపును మనిషి పట్టేంత మాత్రమే తెరిచి, లోపలికి జొరబడి, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ థర్మామీటరు మీదికి వంగింది. పది. హాల్లోని వెచ్చదనం లోపలికి రాకముందే బయటికొచ్చి తలుపు మూసింది.